జావా అని ఫ్లెక్సీ పడింది

ఆత్మకూరు,
9 జూన్ 2025

మాలకొండమ్మ అత్తకు గోపిక నమస్కారాలు.

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని అనుకుంటావు. మా శిక్షణ హాస్టల్లో ఫోన్లన్నీ వార్డెన్ దగ్గరే ఉంటాయి, ఆదివారం మాత్రం వరసలో నిలబెట్టి ఇస్తుంది. అదీ మనిషికి పది నిమిషాలు. నిన్న నాయనతో మాట్లాడేసరికే నా వంతు అయిపోయింది. నా వెనక వరసలో ఉన్న అశ్విత, "ఏమ్మే, గొర్రెలన్నిట్నీ పేరు పేరునా అడగాల్నా?" అంది. నవ్వొచ్చినా ఫోన్ ఇచ్చేశాను. పోస్టాఫీసు మా వీధి చివరే ఉంది. అందుకని ఈ కవరు.

నీ సలహా కావాలి. ఇక్కడ ఆరు నెలల కోర్సు. తిండి, పడక, చదువు అన్నీ ఉచితం. కానీ ఒక మనిషికి ఒక్క ప్రోగ్రామింగ్ భాషే నేర్పుతారు. రెండు బ్యాచిలున్నాయి, జావా ఒకటి, పైథాన్ ఒకటి. ఈ మూడు వారాలూ రెండు క్లాసుల్లోనూ కూర్చోవచ్చు. జూన్ 30న ఏదో ఒకటి రాసి సంతకం పెట్టాలి. తర్వాత మార్చుకోవడం కుదరదు. డిసెంబరులోనూ జనవరిలోనూ కంపెనీల వాళ్ళు వచ్చి పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకుంటారు.

అప్పటికి రాకపోతే వింజమూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నాయన నా కోసం మాట్లాడిపెట్టాడు. మూడో తరగతికి లెక్కలు చెప్పాలి. అది తప్పు పని అనడం లేదు. డిగ్రీలో కంప్యూటర్లు తీసుకుని ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాను, ఆ పని చేసి చూడాలని ఉంది. మన ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే కదా. ఒక్కసారి గురి తప్పితే మళ్ళీ పంపరు.

మాధవ్ బావ బెంగళూరులో ఈ పనే చేస్తున్నాడు కాబట్టి నువ్వు అడిగి రాయి. నేనే అడగొచ్చు. అడిగితే మన ఊరు దుత్తలూరులో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, నీకు తెలియనిది కాదు.

హాస్టల్లో సాంబారు బాగుంటుంది. మజ్జిగ మాత్రం పేరుకే.

నీ మేనకోడలు,
గోపిక


ఉదయగిరి,
13 జూన్ 2025

చిరంజీవి గోపికకు అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం నేను షెడ్డులో ఉండగా వచ్చింది. చేతికున్న కర్రపొడి దులుపుకుని అక్కడే పైకి చదివాను. గరిటెలు చెక్కే ఆడవాళ్ళందరూ పని ఆపి విన్నారు. వరదమ్మ, "అక్కా, కంప్యూటరుకు తెలుగులో చెప్తే వినదా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్నామె, "తెలుగులో చెప్తే మన మొగుళ్ళే వినరు, అదెందుకు వింటాదే?" అంది. ఆ పూట గరిటెలు పెద్దగా తయారవలేదు.

జావా తీసుకో. ఇందులో ఆలోచించేది ఏమీ లేదు. మీ బావ కాలేజీ అయిన ఏడాదే జావాతో బెంగళూరు పోయాడు. ఆరేళ్ళుగా అదే పని. ఉదయగిరిలో ఎవరిని అడిగినా చెబుతారు, మాలకొండమ్మ కొడుకు జావా అని. నువ్వు కూడా జావా అయితే ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పని అవుతుంది. నాకూ ధైర్యం, మీ నాయనకూ ధైర్యం.

మీ నాయనకు కూడా ఫోన్ చేసి చెప్పాను. మంద దగ్గర ఉన్నాడు, గొర్రెల అరుపుల మధ్య సగమే వినపడింది. "జావానా? సరేలే అక్కా. దాన్ని తెలుగులో ఎట్ట రాసేది?" అన్నాడు. రెండక్షరాలకూ దీర్ఘాలు అని చెప్పాను. ఎందుకని నేను అడగలేదు.

హైదరాబాదు ప్రదర్శనకు సరుకు తయారుచేస్తున్నాం. మీ మామ గోపాలయ్యకు మోకాలు నొప్పి. కర్ర తేవడానికి వేరే మనిషిని పెట్టాం.

మజ్జిగ సంగతి వార్డెన్‌కు చెప్పు. చెప్పకపోతే ఆరు నెలలూ నీళ్ళే.

మీ అత్త,
మాలకొండమ్మ


ఆత్మకూరు,
17 జూన్ 2025

అత్తకు,

నీ ఉత్తరం అందింది. మజ్జిగ సంగతి చెప్పాను. రెండు రోజులు చిక్కబడింది.

వారంగా రెండు క్లాసుల్లోనూ కూర్చుంటున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను. తెర మీద ఒక్క మాట కనబడాలంటే జావాలో ముందు నాలుగైదు వరుసల మర్యాదలు చెయ్యాలి. పైథాన్‌లో ఒక్క వరుస చాలు. కానీ జావా చాలా తప్పుల్ని బయలుదేరక ముందే పట్టి ఆపుతుంది. పైథాన్ పోనిచ్చి, సగం దారిలో కూలబడుతుంది. కిందటేడు ఇక్కడికి వచ్చిన కంపెనీలు జావా వాళ్ళనే ఎక్కువ అడిగాయట. ఈ ఏడు పైథాన్ కూడా అడుగుతున్నారట. మా హరి సార్ ఏదీ తేల్చడు. "నేను ఒకటి చెప్తే రేపు నా మీదికొస్తాది. మీ బుర్ర, మీ బతుకు, మీరే తేల్చుకోండి" అంటాడు.

నా మనసు పైథాన్ మీద ఉంది. క్లాసు అయిపోయాక కూడా లేవబుద్ధి కావడం లేదు.

అత్తా, ఒక మాట సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. జావా అనేది బావ చెప్పిన మాటా, నీ మాటా? "ఒకే ఊరు, ఒకే పని, ధైర్యం" అని రాశావు. అది అశ్వితకు చూపిస్తే, "ఇది కోర్సు సలహా కాదమ్మే, సంబంధం" అంది. మేనరికం మాట మనసులో పెట్టుకుని జావా అంటున్నావా? అదే అయితే ఆ సంగతి వేరే ఉత్తరంలో రాయి. రెండూ ఒకే కవరులో పెట్టకు.

గోపిక


ఉదయగిరి,
20 జూన్ 2025

గోపికకు,

నీ అశ్వితకు నా ఆశీస్సులు. ఆ పిల్ల పై చదువులకు పోతుంది.

నా కొడుక్కి పిల్లను అడగాలంటే నేను ఐదు రూపాయల కవరులో పెట్టి అడిగేదాన్ని కాదు. పసుపు కుంకుమ తీసుకుని మీ నాయన మంద దగ్గరికే వస్తాను, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. అంతవరకూ నా ఉత్తరంలో ఉన్నది ఉత్తరమే. ఒకే ఊరు అని ఎందుకన్నాను? నువ్వు మొదటిసారి బెంగళూరులో దిగితే బస్సు దగ్గరికి వచ్చే మనిషి ఒకడుండాలని. అది కూడా తప్పయితే నువ్వే దిగి నువ్వే పో. నా పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు నేనూ అట్లాగే దిగాను.

జావా ఎవరి మాట అని అడిగావు. మా ఇంట్లో అన్నం పెట్టిన మాట.

నా మాట మీద నమ్మకం లేదు కాబట్టి వేరే దారి చూశాను. వచ్చే వారం హైదరాబాదులో మా దుకాణం పెట్టేది ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసు లోపలే. వాళ్ళ ఉద్యోగులే కొంటారు. గరిటె కొన్న ప్రతి ఒక్కరినీ అడుగుతాను, మీరు ఏ భాషలో పనిచేస్తారని. ఏ కర్రకు గిరాకీ ఉందో, ఏ సైజు పోతుందో మేం తెలుసుకునేది కూడా ఇట్లాగే. కొన్నవాడి చేతిని చూడాలి. అప్పుడు తెలుస్తుంది.

మాలకొండమ్మ


ఆత్మకూరు,
23 జూన్ 2025

అత్తకు,

నీ ఉత్తరం చదివాను. నేను అడిగిన తీరు బాగాలేదు. కానీ అడిగింది మాత్రం అడగాల్సిందే. మంద దగ్గరికి ఎవరూ రావద్దు.

దానికంటే పెద్ద సంగతి ఒకటి జరిగింది. నిన్న ఆదివారం ఫోన్ చేతికి రాగానే అమ్మ పంపిన ఫొటో చూశాను. దుత్తలూరు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. "జావాలో సీటు సాధించిన మా ముద్దుబిడ్డ గోపికకు హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు, తండ్రి చెంచయ్య, బంధుమిత్రులు, దుత్తలూరు యూత్." నా డిగ్రీ హాల్ టికెట్ ఫొటో నిలువెత్తు. దాని పక్కన నాయన పెద్ద పొట్టేలు ఫొటో. దానికీ దండ వేశారు.

నాయనకు ఫోన్ చేసి, "జావా అంటే సీటు కాదు నాయనా. నేనింకా ఏదీ తీసుకోలా" అన్నాను. ఆయన వినే స్థితిలో లేడు. "బస్సులో పోయే వాళ్ళు కూడా తల బయటపెట్టి చదువుతుండారమ్మా. వింజమూరు నుంచి కూడా ఫోన్లు వచ్చినాయి" అన్నాడు. ఆ గొంతు అట్లా వినడం నాకు ఇదే మొదటిసారి. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు మిగిలే ఉండగా ఫోన్ ఇచ్చేశాను.

జావా అని నాయనకు ఎవరు చెప్పారో, దీర్ఘాలు ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఇప్పుడు నేను పైథాన్ అంటే సెంటర్లో తలదించుకునేది ఆయన. సంతకానికి వారం ఉంది.

గోపిక


ఉదయగిరి,
28 జూన్ 2025

చిరంజీవి గోపికకు,

నిన్న పొద్దున హైదరాబాదు నుంచి దిగాను. సరుకంతా పోయింది. దోసె గరిటెలు రెండో రోజుకే అయిపోయాయి.

ముందు ఫ్లెక్సీ సంగతి. నేను జావా అన్నాను. సీటు అనలేదు. సీటు, పొట్టేలు మీ నాయన సొంతం.

ఇక నేను అడిగి తెలుసుకున్నది. కొన్నవాళ్ళలో ముప్పాతిక మంది జావా అన్నారు. మిగిలిన వాళ్ళు తలా ఒకటి చెప్పారు. పైథాన్ అన్నది ఇద్దరు ముగ్గురే. ఒక పెద్దామె, చూస్తే అధికారిలా ఉంది, కవ్వం కొని, "ఎందుకండీ అడుగుతున్నారు?" అంది. నీ గురించి చెప్పాను. "జావా నేర్చుకోమనండి, మా బ్యాంకు పని అంతా అందులోనే" అంది. అక్కడున్న వాళ్ళందరి మెడలోనూ ఆఫీసు కార్డు వేలాడే నీలం తాళ్ళే. ఆ అంతస్తు మొత్తం ఒకే బ్యాంకు పని చేస్తుందట.

ఒక కుర్రవాడు మాత్రం వేరేగా మాట్లాడాడు. "ఏదైనా ఒకటే ఆంటీ. ఒకటి లోతుగా వస్తే రెండోది అదే వస్తుంది" అన్నాడు. అతను ఏమీ కొనలేదు. అందుకని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంతమంది చెప్పాక ఇక నీ ఇష్టం. జావా అని సంతకం పెట్టు.

మీ అత్త,
మాలకొండమ్మ


ఆత్మకూరు,
2 జులై 2025

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. సంతకం మొన్ననే అయిపోయింది. పైథాన్ అని రాశాను.

నీ శ్రమను తక్కువ చెయ్యడం లేదు. కానీ నువ్వు అడిగింది ఒక బ్యాంకు పని చేసే ఒక అంతస్తును. ఉదయగిరి బస్టాండులో నిలబడి వచ్చేపోయే వాళ్ళను ఏ ఊరని అడిగితే, రాష్ట్రంలో ముప్పాతిక మంది ఉదయగిరి వాళ్ళే అని తేలుతుంది. ఆ లెక్కలో తప్పు లేదు, నిలబడిన చోటులో ఉంది. కొనని కుర్రవాడి మాట ఒక్కటే నాకు పనికొచ్చింది.

ఇంకొకటి. ఆదివారం ధైర్యం చేసి బావకే ఫోన్ చేశాను. అడిగితే నవ్వాడు. "అమ్మ నన్ను అడిగిందా? ఎప్పుడు?" అన్నాడు. నువ్వు అడగనే లేదట అత్తా. ఆయన ఏమన్నాడంటే, "రెండిట్లోనూ పనులుండాయి. రెండోరోజు కూడా ఏది పట్టుకుని కూర్చోబుద్ధి అయితే అది తీసుకో" అని. ప్రతి శనివారం ఆయన కూడా పైథాన్ క్లాసుకు పోతున్నాడట, ఆఫీసులో ఇప్పుడు అదీ కావాలంటున్నారని. ఇది నీకు తెలుసా?

నాయనకు చెప్పలేదు. ఫ్లెక్సీ ఇంకా ఉంది. డిసెంబరు దాకా నువ్వూ చెప్పకు. ఉద్యోగం వస్తే ఏ భాష అని ఎవరూ అడగరు. రాకపోతే అప్పుడు నేనే చెప్పుకుంటాను.

గోపిక


ఆత్మకూరు,
4 ఆగస్టు 2025

అత్తకు,

నెల దాటినా నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపం వచ్చిందనుకుని ఊరుకున్నాను. నిన్న నాయన ఫోన్లో, "మీ అత్త మంద దగ్గరికి వచ్చింది. కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాం. అంతా మన మంచికేలే అమ్మా, నువ్వు బాగా చదువుకో" అన్నాడు. ఏం మాట్లాడుకున్నారంటే, "అది పెద్దోళ్ళ సంగతిలే" అన్నాడు. అమ్మను అడిగితే నవ్వింది.

మంద దగ్గరికి ఎప్పుడొస్తానో నువ్వే రాశావు. పసుపు కుంకుమతో వస్తానన్నావు. నన్ను ఒక్క మాట అడగకుండా ఇద్దరూ తేల్చేశారా? బావ మంచివాడే. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ నేనిక్కడికి వచ్చింది నా కాళ్ళ మీద నేను నిలబడాలని. అది జరిగేలోపు నా పేరు పక్కన ఇంకో పేరు రాయడం నాకు ఒప్పుదల కాదు. ఒక ఫ్లెక్సీ చాలు.

వెంటనే జవాబు రాయి. రాయకపోతే ఔననే అనుకుంటాను.

గోపిక


ఉదయగిరి,
8 ఆగస్టు 2025

గోపికా,

ఔను అనుకోవద్దు. కూర్చుని మొత్తం చదువు.

నెల రోజులు రాయలేదు, ఎందుకంటే ఏం రాయాలో తెలియలేదు. మాధవ్‌ను నేను అడగలేదన్నది నిజం. నా కొడుకు ఏం చేసి అన్నం తింటున్నాడో నాకు తెలుసు, అడగాల్సిన పని లేదనుకున్నాను. వాడు శనివారాలు క్లాసుకు పోతున్న సంగతి నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. ఫోన్ చేసి అడిగితే, "నువ్వు ఊరంతా జావా జావా అని చెప్పుకుంటుంటివి, నేనేం చెప్పేదమ్మా?" అన్నాడు. ఇది షెడ్డులో ఎవరికీ చదివి వినిపించలేదు.

డిసెంబరు దాకా చెప్పవద్దన్నావు. అన్ని నెలలు ఆ బరువు నువ్వు మోస్తూ చదవాల్సిన పని లేదు. పోయిన శుక్రవారం దుత్తలూరు బస్సెక్కాను. మీ నాయన ఒక రైతు చేలో ఎరువు కోసం మంద కట్టి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏందక్కా, ఇంత ఎండలో నడిచొచ్చినావు? ఫోన్ చెయ్యొచ్చు గదా."

"ఫోన్లో చెప్పే మాటైతే ఫోన్లోనే చెప్పేదాన్ని."

"బిడ్డకేమన్నా..."

"బిడ్డకేం కాలా. జావా తీసుకోలా. పైథాన్ తీసుకునింది."

మీ నాయన కర్ర మీద గడ్డం ఆనించాడు. "అదేంది? మాధవ్ జావా అన్నాడని నువ్వే గదా చెప్పింది?"

"మాధవ్ చెప్పలా. నేనే చెప్పినా. వాణ్ణి అడగను కూడా అడగలా."

"మరి ఆయమ్మి మనల్ని ఎవర్నీ అడగలేదా?"

"అడిగింది. నేను చెప్పినా, నువ్వు ఫ్లెక్సీ కట్టినావు, హైదరాబాదులో నీలం తాళ్ళోళ్ళు చెప్పినారు. అందరి మాటా విని, తనకు తోచింది రాసి సంతకం పెట్టింది."

"ఇంత ఫ్లెక్సీ ఉండగానా?"

"ఇంత ఫ్లెక్సీ ఉండగానే."

అప్పుడు నవ్వాడు. "అప్పట్లో అందరూ వద్దంటుంటే నేను తెల్ల గొర్రెల్ని అమ్మేసి గోధుమరంగువి తోలుకొచ్చినా, గుర్తుండాదా అక్కా? మన నాయన నెల రోజులు నాతో మాట్లాడలా. దీనిక్కూడా అదే మొండితనం పట్టుకునింది" అన్నాడు. చెప్పేటప్పుడు ఆ మొహం చూడాల్సింది. అది కోపం కాదు.

ఫ్లెక్సీ దించెయ్యమన్నాను. "దించను. బిడ్డ ఫొటో ఇంత బాగా ఎప్పుడూ పడలా" అన్నాడు. చివరికి 'జావాలో' అన్నచోట తెల్ల కాగితం అంటించడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు అక్కడ "సీటు సాధించిన మా ముద్దుబిడ్డ" అని మాత్రమే ఉంది. ఎందులో అని అడిగినవాళ్ళకు, "ఆత్మకూరులో" అని చెబుతున్నాడట.

అంతా మంచికే అన్నది ఇది. మాధవ్ పెళ్ళి మాట మా మధ్య రాలేదు. పసుపు కుంకుమ ఇంట్లోనే ఉన్నాయి. ఎప్పుడైనా నీకే వాణ్ణి చేసుకోవాలని అనిపిస్తే నువ్వే అడుగు. అప్పుడు నేను కూడా ఆలోచించుకుని చెప్తాను. ఉత్తరాల్లో ఇన్ని మాటలు అనే కోడలు నాకు అవసరమా అని.

చదువుకో.

మీ అత్త


ఆత్మకూరు,
5 డిసెంబరు 2025

అత్తకు,

మొదటి కంపెనీ వచ్చి పోయింది. నన్ను తీసుకోలేదు. పరీక్ష దాకా కూడా రానివ్వలేదు. వాళ్ళకు జావా వాళ్ళే కావాలట. పైథాన్ బ్యాచి వాళ్ళం బయట వరండాలో కూర్చున్నాం. లోపల జావా బ్యాచి పరీక్ష రాసింది. అశ్విత, "సినిమా హాలు బయట పల్లీలమ్మేవాళ్ళ మాదిరి ఉండాం గదమ్మే" అంది. నవ్వలేకపోయాను.

నువ్వు చెప్పిందే జరిగింది. రాయకుండా దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు, అందుకే రాస్తున్నాను. జనవరి మొదటి వారంలో ఇంకో కంపెనీ వస్తుంది. అదే చివరిది. నాయనకు ఇప్పుడే చెప్పకు. వింజమూరు స్కూలు వాళ్ళు ఎప్పుడు చేరతావని అమ్మను అడిగారట.

నేను ఏడవలేదు. ఏడిస్తే అశ్విత రాసి ఉండేది నీకు.

గోపిక


ఉదయగిరి,
9 డిసెంబరు 2025

చిరంజీవి గోపికకు,

నేను ముందే చెప్పానని అనను. అనాలని ఉంది, అనను.

జావా తీసుకుని ఉంటే ఆ ఉద్యోగం వచ్చేదేమో. రాకపోయేదేమో కూడా. లోపలికి పోయి పరీక్ష రాసిన జావా బ్యాచిలో ఎంతమందిని తీసుకున్నారు? అది నువ్వు రాయలేదు. తెలుసుకో. నిలబడిన చోటు చూసుకోమని నాకు చెప్పింది నువ్వే.

మాధవ్‌తో మాట్లాడాను. ఈసారి నిజంగానే అడిగాను. "ఈ నెల ఆదివారాలు నాకు ఫోన్ చెయ్యమను, ఇంటర్వ్యూలో అడిగేవి అడుగుతా" అన్నాడు. నీకున్నది పది నిమిషాలే, అవి మీ నాయనవి. అందుకని మీ నాయనకు ఫోన్ చేశాను. మొదటి కంపెనీ సంగతి కూడా చెప్పాను. నువ్వు వద్దన్నావు, అయినా చెప్పాను. ఆయన తట్టుకోలేడని నువ్వు అనుకుంటున్నావు. కడుపుబ్బే రోగం వచ్చి పొట్టేళ్ళు చచ్చిన ఏడు కూడా మళ్ళీ మంద కట్టిన మనిషి. విని ఏమన్నాడో రాస్తున్నాను, ఒక్క మాట కూడా మార్చలేదు: "ఈ నెల నా వంతు మాధవ్‌కి ఇచ్చినానని చెప్పు. స్కూలోళ్ళకు నేను చెప్పుకుంటా, ఇంకా తేలలేదని. ఆయమ్మిని కంగారు పడొద్దను."

వేరుశనగ ఉండలు పంపుతున్నాను. అశ్వితకూ పెట్టు, నోరు కాసేపు మూతపడుతుంది.

మీ అత్త,
మాలకొండమ్మ


చెన్నై,
22 ఫిబ్రవరి 2026

అత్తకు గోపిక నమస్కారాలు.

ఉద్యోగం వచ్చిందని జనవరిలోనే ఫోన్లో చెప్పాను. కానీ ఫోన్లో నువ్వు నన్ను ఏదీ పూర్తి చెయ్యనివ్వవు. ఇప్పుడు ఫోన్ రోజంతా నా దగ్గరే ఉన్నా ఇది రాస్తున్నాను.

రెండో కంపెనీ వాళ్ళు ఏ భాషలో రాసినా సరేనన్నారు. ముందు పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో ఉన్నాయన, "నీ అంతట నువ్వు చేసింది ఏదైనా చూపించు" అన్నాడు. హాస్టల్లో ఆదివారం ఫోన్ల వరసకు నేనొక ప్రోగ్రామ్ రాశాను. ఎవరికి ఏ సమయమో ముందే పంచి తలుపు మీద అతికిస్తాం. నిలబడాల్సిన పని లేదు. అక్టోబరు నుంచి వార్డెన్ అదే వాడుతోంది. అది చూపించాను.

"ఒకమ్మాయి ఫోన్ చేస్తే ఇంట్లో వాళ్ళు ఎత్తలేదు. ఆ పది నిమిషాలు ఎవరికి?" అని అడిగాడు.

"ముందు ఆ అమ్మాయిని చివరికి జరుపుతాం సార్. పోయిన వారం కూడా ఎత్తకపోయి ఉంటే, ముందు వరసలోకి తెస్తాం" అన్నాను.

"ఎందుకు?"

"రెండు వారాలు ఇంటి గొంతు వినకపోతే చదవలేం సార్."

ఆయన అక్కడి నుంచి అరగంట దాని గురించే అడిగాడు. బావ ఆదివారాలు అడిగినవి చాలా వచ్చాయి. అశ్వితను కూడా తీసుకున్నారు. ఇక్కడా నా పక్క మంచం ఆమెదే. నువ్వు తెలుసుకోమన్నది కూడా తెలుసుకున్నాను. మొదటి కంపెనీ జావా బ్యాచిలో నలుగురినే తీసుకుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ చేరిన మొదటి రోజే మా చేతికి ఇచ్చింది పైథాన్ కాదు, జావా కూడా కాదు. కోబాల్ అనే భాష. నాయన పుట్టకముందే పుట్టింది. పెద్ద పెద్ద బ్యాంకుల లోపల ఇంకా అదే నడుస్తోందట. మా గుంపులో సగం మంది మొహాలు వాడిపోయాయి. నాకూ మొదటి రోజు పేజీ అంతా పెద్దక్షరాల అరుపుల్లా కనిపించింది. వారానికి చదవడం వచ్చింది. ఇది జరిగితే అది చెయ్యి, ఇన్నిసార్లు తిరుగు, ఇక్కడ ఆగు. మాటలు వేరు, నడక నాకు తెలిసిందే. మొన్న ఒక పాత ప్రోగ్రామ్‌లో తప్పు ఎక్కడుందో మా గుంపులో మొదట నేనే పట్టుకున్నాను. శిక్షణ ఇచ్చే మేడమ్, "ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. ఇక్కడే, ఈ వారమే అన్నాను. చెప్పేటప్పుడు నా మెడ కొంచెం నిటారుగానే ఉంది. నిజం రాస్తున్నాను కదా, అదీ రాయాలి.

నాయన వచ్చే నెల చెన్నై వస్తానంటున్నాడు. మందను ఎవరికి అప్పగించి వస్తాడో మరి.

నీ మేనకోడలు,
గోపిక


ఉదయగిరి,
28 ఫిబ్రవరి 2026

చిరంజీవి గోపికకు అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. ఈసారి పైకే చదివాను, మెడ నిటారుగా ఉన్న దగ్గర రెండుసార్లు. కర్ర నునుపు చేసే ఆకురాళ్ళ చప్పుడు ఆగిపోయింది. నాలుగు రోజుల్లో ఇవ్వాల్సిన సరుకుంది, అయినా ఎవరినీ పని చెయ్యమనలేదు.

చదవడం అయ్యాక వరదమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ళ కూతురు కరుణశ్రీకి ఈ ఏడు డిగ్రీ అయిపోతుంది. ఆత్మకూరులోనే చేర్చాలని చూస్తున్నారు.

"అక్కా, మా పాప ఏది తీసుకోవాలంటావు? జావానా, పైథానా, ఇప్పుడు నువ్వు చదివిన ఆ ముసలిదా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ షెడ్డులో ఉన్నాను, నా మాటకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. సలహా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నన్నడగబాకు. చెన్నైలో మా గోపిక ఉండాది. దాన్నే అడుగు" అన్నాను.

"ఆయమ్మికి ఇప్పుడు ఎన్ని వచ్చు?"

"రెండు. మూడోది రేపిచ్చినా ఎల్లుండికి నేర్చేసుకుంటాది."

"అంత గట్టిగా చెప్తుండావే, చూసొచ్చినావా?"

"చూసి రావాలనేముండాది? నా తమ్ముడి బిడ్డ" అన్నాను.

కరుణశ్రీ నీకు ఉత్తరం రాస్తుంది. రాస్తే జవాబు ఇవ్వు. ఆ పిల్లను ముందు అన్నీ అడుగు, తర్వాత నీకు తోచింది రాయి. ఏం రాయాలో నన్ను అడగక్కర్లేదు.

మీ అత్త,
మాలకొండమ్మ